బీటూబీ, బీటూసీ, డీటూసీ... ఇంతకీ నా నోట్‌బుక్కులు ఎవరికి అమ్మాలి?

అట్టముక్క:
అందరికీ నమస్తే. నేను చేత్తో కుట్టిన నోట్‌బుక్కులు తయారుచేస్తాను. రెండేళ్లుగా సొంత వెబ్‌సైట్‌లో అమ్ముతున్నా. నెలకు 60, 70 పుస్తకాలు పోతాయి. పెద్ద లాభాలేం లేవు గానీ చేతులైతే కాలలేదు. మొన్న ఒక కంపెనీ నుంచి మెయిల్ వచ్చింది. కొత్తగా చేరే ఉద్యోగులకు ఇవ్వడానికి తమ లోగోతో 400 పుస్తకాలు కావాలట. డబ్బు మాత్రం సరుకు అందాక 60 రోజులకు ఇస్తారట. ఇంట్లోవాళ్లు ఎగిరి గంతేశారు. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ఇంతలో ఒక స్నేహితుడు అమెజాన్ లాంటి మార్కెట్‌ప్లేస్‌లో పెట్టమంటాడు. ఇంకొకావిడ నెలనెలా చందా పద్ధతి పెట్టు, ఇప్పుడంతా అదే నడుస్తోంది అంటుంది. నెట్‌లో చదువుదామని కూర్చుంటే బీటూసీ, బీటూబీ, సీటూసీ, సీటూబీ, డీటూసీ... మళ్లీ లెక్కల పరీక్షకు కూర్చున్నట్టుంది. నేను వీటిలో ఎక్కడున్నాను, ఎటు వెళ్లాలి? తెలిసినవాళ్లు కాస్త చెప్పండి.

పాతలెక్క:
అక్షరాలకు భయపడకండి. మొదటి అక్షరం అమ్మేవాళ్లు, చివరిది కొనేవాళ్లు. బీ అంటే వ్యాపారం, సీ అంటే మామూలు వినియోగదారుడు. మీరిప్పుడు చేస్తున్నది బీటూసీ. తయారుచేసినవాళ్లే మధ్యలో ఎవరూ లేకుండా అమ్ముతున్నారు కాబట్టి దాన్నే డీటూసీ అని కూడా అంటారు, ఇక్కడ డీ అంటే డైరెక్ట్, నేరుగా అని. ఆ 400 పుస్తకాల ఆర్డరు బీటూబీ. ఒకరు వాడేసిన వస్తువును ఇంకొకరికి అమ్ముకుంటే సీటూసీ. సీటూబీ కొంచెం తిరకాసుగా ఉంటుంది, దాని సంగతి ఎవరైనా తర్వాత చెబుతారు.

అసలు గందరగోళం ఇక్కడ. ఎవరికి అమ్ముతున్నాం అనేది ఒక ప్రశ్న. డబ్బు ఏ దారిన వస్తుంది అనేది ఇంకో ప్రశ్న. రాసేవాళ్లు రెండింటినీ తెచ్చి ఒకే జాబితాలో కుక్కుతారు. చందా, కమిషన్, ప్రకటనలు, లైసెన్సు, సరుకు మీద మార్జిన్, ఇవన్నీ రెండో ప్రశ్నకు జవాబులు. మీ స్నేహితురాలు చెప్పిన చందా బీటూసీకి పోటీ కాదు. బీటూసీలోనే డబ్బు వసూలుచేసే ఒక తీరు.

అమెజాన్‌నే చూడండి. 1995లో పుస్తకాలు అమ్మడం మొదలుపెట్టింది, అది సరుకు మీద మార్జిన్. 2000లో బయటి అమ్మకందారులకు చోటిచ్చింది, అది కమిషన్. 2005లో ప్రైమ్ పెట్టింది, అది చందా. 2006లో సర్వర్లు, స్టోరేజీ అద్దెకివ్వడం మొదలుపెట్టింది, అక్కడ వాడుకున్నంతకు బిల్లు, కొనేవి ఎక్కువగా కంపెనీలు. ఒకే బోర్డు కింద నాలుగు కొట్లు. దానికి ఏ అక్షరం తగిలిస్తారు?

ఇంకో ముక్క, ఊరికే సరదాకి. ఆన్‌లైన్ అనగానే అందరికీ బీటూసీయే గుర్తొస్తుంది. కానీ కంపెనీలు ఇప్పటి ఇంటర్నెట్ కంటే ముందే ఈడీఐ అనే పద్ధతిలో కంప్యూటర్ నుంచి కంప్యూటర్‌కు ఆర్డర్లు, బిల్లులు పంపుకునేవి. 1979లో బ్రిటన్‌లో మైకేల్ ఆల్డ్రిచ్ ఒక టీవీని ఫోన్ లైను ద్వారా కంప్యూటర్‌కు కలిపి ఆన్‌లైన్ కొనుగోలు చూపించాడు. దాన్ని కూడా మొదట వాడుకున్నవి ఎక్కువగా కంపెనీలే. మా పాత ఆఫీసులో ఈడీఐ దగ్గర కూర్చున్నవాణ్ణి కాబట్టి ఈ విషయంలో నాకు కాస్త పక్షపాతం.

సెమికోలన్:
పాతలెక్క గారి మాటకు సాఫ్ట్‌వేర్ వైపు నుంచి కొంచెం కలుపుతా. మేం నలుగురం కలిసి చిన్న ఆఫీసులకు హాజరు లెక్కలు చూసే ప్రోగ్రాం అమ్ముతాం. బీటూబీ, నెల చందా. కంపెనీలకు సాఫ్ట్‌వేర్ అమ్మే సేల్స్‌ఫోర్స్ 1999లో మొదలైనప్పుడు ఇది కొత్త సంగతి. సాఫ్ట్‌వేర్ డబ్బా కొని ఇన్‌స్టాల్ చేసుకోనక్కర్లేదు, బ్రౌజర్ తెరిచి వాడుకోవడమే. ఇప్పుడు అందరూ అదే దారి.

చందాలో మజా ఏంటంటే ప్రతి నెలా ఒకటో తారీఖున సున్నా నుంచి మొదలుపెట్టక్కర్లేదు. కానీ బిందెకు అడుగున చిల్లు ఉంటుంది. నెలకు నూటికి ఐదుగురు మానేస్తే ఏముందిలే అనిపిస్తుంది. కాలిక్యులేటర్ తీసి చూడండి, కొత్తవాళ్లు చేరకపోతే ఏడాది తిరిగేసరికి వందలో 54 మందే మిగులుతారు. అదే నూటికి ఒక్కరే మానేస్తే దాదాపు 89 మంది ఉంటారు. మా పని సగం కొత్తవాళ్లను తేవడం, సగం ఆ చిల్లు పూడ్చడం. నిజం చెప్పాలంటే రెండోదే ఎక్కువ.

నోట్‌బుక్కుకు చందా అంటే నాకు అనుమానమే అండీ. ఒక పుస్తకం నిండడానికి ఎన్నాళ్లు పడుతుంది? రెండో నెల పార్సిల్ ఉత్సాహంగా విప్పుతారు, మూడో నెల విప్పకుండా అల్మరాలో పెడతారు, నాలుగో నెల రద్దు చేస్తారు. వాడేకొద్దీ అయిపోయే వస్తువుకు చందా నప్పుతుంది. పేరుకుపోయే వస్తువుకు నప్పదు.

కొత్తకొట్టు:
మధ్యలో దూరుతున్నందుకు సారీ. సరుకే పెట్టుకోకుండా అమ్మే పద్ధతి ఉంది కదా, డ్రాప్‌షిప్పింగ్. ఆర్డరు మనకు వస్తుంది, సప్లయర్ నేరుగా పంపేస్తాడు. పెట్టుబడి లేదు, గోడౌన్ లేదు. అదే బెస్ట్ కదా? నేను వచ్చే నెల మొదలుపెడదామనుకుంటున్నా.

గోడౌన్_గురు:
తమ్ముడూ, ఆగు. నేను చేసి వచ్చాను.

జాపోస్ అని బూట్ల కంపెనీ కథ ఒకటుంది. 1999లో నిక్ స్విన్‌మర్న్ అనే ఆయన షాపుల్లో బూట్లకు ఫొటోలు తీసి వెబ్‌సైట్‌లో పెట్టాడు. ఎవరైనా కొంటే షాపుకెళ్లి ఆ జత కొని పంపేవాడు. వేసుకుని చూడకుండా జనం బూట్లు కొంటారా అని తేల్చుకోవడానికి ఆ మాత్రం చాలు. తర్వాత తయారీదారులే నేరుగా కస్టమర్‌కు పంపే పద్ధతి నడిపారు. అక్కడే చిక్కొచ్చింది. సైట్‌లో ఉందని చూపించిన జత అవతల స్టాక్‌లో ఉండేది కాదు. చివరికి 2003లో చేతికొస్తున్న ఆదాయంలో కొంత వదులుకుని మరీ డ్రాప్‌షిప్పింగ్ ఆపేశారు, సరుకంతా సొంత గోడౌన్‌కు తెచ్చుకున్నారు. 2009లో అమెజాన్ ఆ కంపెనీని కొంది.

ఇప్పుడు నా కథ. ఫోన్ కవర్లు అమ్మేవాణ్ణి. ఒక వారం 37 ఆర్డర్లు వచ్చాయి, పండగే అనుకున్నా. సప్లయర్ పదకొండు రోజులు ఫోన్ ఎత్తలేదు. కస్టమర్లు నన్ను తిట్టారు, వాడిని కాదు. వాడెవడో వాళ్లకు తెలియదు కదా. కొందరు బ్యాంకుకు ఫిర్యాదు చేసి డబ్బు వెనక్కి తీసుకున్నారు. ఆ ఫిర్యాదులు చూసి పేమెంట్ కంపెనీ మిగతా డబ్బు కూడా ఆపేసింది. పెట్టుబడి లేదన్నది నిజమే, పరువు మాత్రం మనదే పెట్టాలి.

ఏది అమ్ముడవుతుందో పరీక్షించడానికి డ్రాప్‌షిప్పింగ్ వాడుకో. అదే వ్యాపారం అనుకోకు.

అట్టముక్క బ్రదర్, మీకు ఆ గొడవ లేదు, సరుకు మీ చేతిలోనే ఉంది.

అట్టముక్క:
బ్రదర్ కాదండీ, సిస్టర్ :)

నా సరుకు నా చేతిలోనే ఉంది, సమస్య ఆ చేతితోనే. రోజుకు 12 పుస్తకాలు కుట్టగలను. 400 అంటే 34 రోజులు. ఆ రోజుల్లో వెబ్‌సైట్ ఆర్డర్లు ఎవరు కుడతారు? పైగా 60 రోజుల అరువు. ఇలా అరువివ్వడం మామూలేనా, నన్ను కొత్తదాన్ని చూసి అడుగుతున్నారా?

పాతలెక్క:
మామూలేనమ్మా. కంపెనీలు 30, 60, ఒక్కోసారి 90 రోజుల గడువు అడుగుతాయి. బీటూసీలో ముందు డబ్బు, తర్వాత సరుకు. బీటూబీలో తిరగేసి ఉంటుంది. అసలు తేడా అదే, అక్షరాల్లో లేదు.

మీ ఆర్డరునే రోజుల్లో చూద్దాం. మొదటి రోజు కాగితం, అట్ట, దారం కొంటారు. నెలకు 65 చొప్పున అమ్ముతున్నారంటే 400 పుస్తకాల సామాను మీకు ఆరు నెలలు వచ్చేది. దాన్ని ఒకేసారి సొంత డబ్బుతో కొనాలి. 34 రోజులు కుడతారు. సరుకు చేరడానికి మరో మూడు, నాలుగు రోజులు. అప్పుడు 60 రోజులు మొదలు. అంటే సుమారు 100 రోజులు మీ డబ్బు వాళ్ల దగ్గర వడ్డీ లేకుండా కూర్చుంటుంది.

అన్నీ సజావుగా జరిగితే 100. ఒకసారి నేనే దెబ్బతిన్నా. సరుకు పంపాం, బిల్లు పంపాం, రెండు నెలలు ఆగి ఫోన్ చేశాం. ‘మీ బిల్లు మా సిస్టంలో లేదే’ అన్నారు. బిల్లు మీద వాళ్ల పర్చేజ్ ఆర్డర్ నంబర్, అదే పీఓ నంబర్, వేయలేదని ఎవరో పక్కన పడేశారు. మళ్లీ పంపితే గడువు ఆ రోజు నుంచి లెక్కపెట్టారు. మా యజమాని ముఖం ఇప్పటికీ గుర్తుంది. తప్పు నాదే, బిల్లు తయారుచేసింది నేనే.

కాబట్టి నాలుగు విషయాలు అడగండి. పీఓ ఎప్పుడు ఇస్తారు, అది చేతికి రాకుండా ఒక్క కాగితం కూడా కొనొద్దు. అడ్వాన్సు ఎంత, కనీసం సామాను ఖర్చుకు సరిపడా రావాలి. గడువు సరుకు చేరిన రోజు నుంచా, బిల్లు ఆమోదించిన రోజు నుంచా. శాంపిల్ మీద సంతకం చేసేదెవరు. ఈ చివరిది చిన్నదిగా కనిపిస్తుంది. కంపెనీలో వాడేది ఒకరు, బేరమాడేది ఒకరు, డబ్బిచ్చేది ఇంకొకరు. మీకు మెయిల్ రాసినావిడకు అట్ట రంగు నచ్చినా ఆవిడ మాట చెల్లకపోవచ్చు.

రిటర్న్స్_రాణి:
బీటూసీలో ముందే డబ్బు వస్తుందని అందరూ మురిసిపోతున్నారు. వచ్చిన డబ్బు మళ్లీ వెళ్లే దారి కూడా ఉంది. నా పేరే చెబుతోంది కదా.

నేను టేబుల్ ల్యాంపులు అమ్ముతాను. పోయిన నెల ఒకటి వెనక్కి వచ్చింది. కారణం దగ్గర ‘అనుకున్న రంగు కాదు’ అని రాశారు. విప్పి చూస్తే బల్బు లేదు, తీగ నేను చుట్టి పెట్టినట్టు కాకుండా ముడేసి ఉంది, కింద మట్టి మరక. నెల రోజులు వాడి పంపారని గుడ్డివాడికైనా తెలుస్తుంది. వెళ్లేటప్పటి రవాణా నాది, వచ్చేటప్పటిదీ నాదే. పెట్టె పనికిరాదు. తుడిచి, కొత్త బల్బు పెట్టి తక్కువ ధరకు ఇంకొకరికి ఇచ్చాను. ఆ ఒక్క ల్యాంపు నాలుగు ల్యాంపుల లాభం మింగింది. రిటర్ను తీసుకోను అంటే ఎవరూ కొనరు. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

అట్టముక్క గారూ, లోగో వేసిన పుస్తకాలు కంపెనీ వెనక్కి ఇస్తే మీరు ఇంకెవరికీ అమ్ముకోలేరు. ‘లోగో ముద్రించాక వాపసు లేదు’ అని రాతపూర్వకంగా తీసుకోండి.

మూడునక్షత్రాలు:
నేను మార్కెట్‌ప్లేస్ అమ్మకందారుణ్ణి, నాలుగేళ్లు. వాటిని అందరూ తిడతారు గానీ మొదటి కస్టమర్‌ను నాకు తెచ్చిచ్చింది అదే. అంగడి పెట్టేవాడికి ఎప్పుడూ చెట్టు ముందా, విత్తు ముందా సమస్య. అమ్మేవాళ్లు లేనిదే కొనేవాళ్లు రారు, కొనేవాళ్లు లేనిదే అమ్మేవాళ్లు రారు. ఆర్థికవేత్తలు దీన్ని రెండు వైపుల మార్కెట్ అంటారు. 2014లో నోబెల్ అందుకున్న జాన్ టిరోల్ దీని మీద చాలా పనిచేశాడు. ఎవరి దగ్గర రుసుము తీసుకోవాలి, ఎవరికి ఉచితంగా ఇవ్వాలి అన్నదే మొత్తం ఆట. అందుకే కొనేవాడికి ప్రవేశం ఉచితం, రుసుమంతా మన నెత్తిన.

రెండోది నమ్మకం. ఈబే అనే వేలం సైటు 1995లో మొదలైనప్పుడు మొదట అమ్ముడైనది పాడైపోయిన లేజర్ పాయింటర్! కొన్నాయన అలాంటివే సేకరిస్తాడట. ముక్కూ మొహం తెలియని మనిషికి డబ్బు పంపాలంటే ఏదో ఒక భరోసా కావాలి, అందుకే వాళ్లు రేటింగులు పెట్టారు. చైనాలో అలీబాబా కంపెనీ 2003లో టావోబావ్ అనే ఆన్‌లైన్ అంగడి పెట్టింది. ఆ తర్వాత డబ్బు చెల్లింపులకు అలీపే వచ్చింది. కొనేవాడు సరుకు అందిందని చెప్పేదాకా డబ్బు మధ్యలోనే ఉంటుంది. అక్కడ ఈబే నిలబడలేకపోయింది. కారణాలు చాలా చెబుతారు గానీ నాకైతే ఈ మధ్యవర్తి డబ్బాయే పెద్ద కారణం అనిపిస్తుంది.

నష్టం కూడా చెబుతా. కస్టమర్ నీవాడు కాడు. పేరు తెలియదు, మెయిల్ ఉండదు. ఒక రోజు సెర్చ్‌లో నా పేజీ మొదటి వరుస నుంచి మూడో పేజీకి జారింది. ఎందుకో ఎవరూ చెప్పలేదు. ఆ నెల ఆర్డర్లు సగం.

గోడౌన్_గురు:
అందుకే డీటూసీ మేలంటాను. మధ్యవర్తికి ఇచ్చే కమిషన్ మన జేబులోనే ఉంటుంది. డాలర్ షేవ్ క్లబ్ 2011లో మొదలై రేజర్లు నేరుగా ఇళ్లకు పంపింది. డబ్బు వసూలు కూడా చందా పద్ధతిలోనే. 2016లో యూనిలీవర్ వచ్చి కొనేసింది.

మూడునక్షత్రాలు:
గురూ, ఆ కమిషన్ జేబులో ఉండదు, ప్రకటనలకు పోతుంది. నేను రెండు చోట్లా అమ్ముతాను కాబట్టి నా కాకిలెక్క ఇక్కడ పెడుతున్నా. కస్టమర్ ఇచ్చిన వందలో:

మార్కెట్‌ప్లేస్‌లో అయితే తయారీ 38, కమిషన్ 15, రవాణా 12, అక్కడి ప్రకటనలు 10, వాపసులు 6, ప్యాకింగ్ 4. మిగిలేది 15.

సొంత సైట్‌లో తయారీ అదే 38, రవాణా 12, ప్యాకింగ్ 4. పేమెంట్ రుసుము 3, వాపసులు 3. ప్రకటనలు మాత్రం 22. మిగిలేది 18.

ఇంత గొడవా మూడు కోసం. మధ్యవర్తి పోలేదు, చొక్కా మార్చుకుని ప్రకటనల కంపెనీగా వచ్చాడు.

గోడౌన్_గురు:
ఆ 22 మొదటిసారి కొనేవాడికే కదా. అదే మనిషి రెండోసారి వస్తే ప్రకటన ఖర్చు లేదు. నీ మార్కెట్‌ప్లేస్‌లో పాత కస్టమర్ వచ్చినా 15 ఇవ్వాల్సిందే. సిస్టర్‌కు తిరిగొచ్చేవాళ్లు ఎంతమందో అడుగు, తర్వాత మాట్లాడదాం.

మూడునక్షత్రాలు:
సరే, ఇది పాయింటే. ఒప్పుకుంటా. మళ్లీ మళ్లీ కొనే వస్తువైతే నువ్వు చెప్పిందే రైటు.

మోడరేటర్:
చర్చ బాగుంది. ఒక సభ్యుడు తన షాపు లింకు పెట్టారు, తీసేశాను. దయచేసి వద్దు. ఈ చర్చ కూడా ఒక వ్యాపార పద్ధతే అయిపోతుంది.

ఫ్రేమ్‌బయట:
సీటూబీ గురించి ఎవరూ రాయలేదు, నేను రాస్తా. నేను ఉద్యోగం చేసుకుంటూ ఫొటోలు తీస్తాను. స్టాక్ ఫొటోల సైట్లలో పెడతాను, కంపెనీలు లైసెన్సు కొంటాయి. 2000లో ఐస్టాక్‌ఫొటో వచ్చాక నాలాంటి మామూలు వాళ్లకు ఈ దారి తెరుచుకుంది. మనిషి అమ్మేవాడు, కంపెనీ కొనేది. ప్రైస్‌లైన్ 1998లో ఇంకో రకం చేసింది. విమాన టికెట్‌కు ఎంత ఇస్తావో నువ్వే చెప్పు, ఏదో ఒక విమాన సంస్థ ఒప్పుకుంటే నీది. బేరం అటు నుంచి ఇటు తిరిగింది.

ఆదాయం అడక్కండి. నాకు బాగా అమ్ముడైన ఫొటో ఏదో తెలుసా? ఎండలో కష్టపడి ఎక్కిన కొండ కాదు, ఖాళీ టేబుల్ మీద పెన్ను. ఆ టేబుల్ మీద చేత్తో కుట్టిన నోట్‌బుక్ ఉంటే ఇంకా బాగుండేది :)

కొత్తకొట్టు:
మరి అంతా ఉచితంగా ఇచ్చే యాప్‌ల సంగతేంటి? వాళ్లెలా బతుకుతారు?

సెమికోలన్:
రెండు రకాలు. ఒకటి, నీ చూపును ప్రకటనదారుకు అమ్మడం. అక్కడ నువ్వు వాడుకునేవాడివే గానీ కస్టమర్‌వు కాదు. సీ ఉంది కదా అని బీటూసీ అనుకుంటాం, డబ్బు మాత్రం బీ నుంచే వస్తుంది. రెండోది ఫైళ్లు దాచుకునే డ్రాప్‌బాక్స్ తరహా, కొంత చోటు ఉచితం, నిండితే డబ్బు కట్టు. ఒక ఉచిత వాడకందారుకు అయ్యే ఖర్చు దాదాపు సున్నా అయితేనే ఇది నడుస్తుంది. అట్టముక్క గారు ఉచితంగా నోట్‌బుక్కులు పంచితే మూడో వారానికి కొట్టు మూతపడుతుంది.

అట్టముక్క:
అందరికీ జవాబులు రాయడానికి మూడు రోజులు పట్టింది, ఏమనుకోకండి. ఆ కంపెనీతో మాట్లాడుతున్నా.

ముందు గోడౌన్_గురు గారు అడిగిన లెక్క. పాత ఆర్డర్లన్నీ తీసి చూశాను. పోయిన ఏడాది కొన్నవాళ్లలో ప్రతి ముగ్గురిలో ఒకరు మళ్లీ కొన్నారు. నాకే తెలియదు ఈ సంగతి! కాబట్టి వెబ్‌సైట్ ఆపను. మార్కెట్‌ప్లేస్‌లో ఒకటి, రెండు రకాలు మాత్రం పెడతా, కొత్తవాళ్ల కంట పడటానికి. చందా ఆలోచన మానేశాను. స్నేహితురాలు అలిగింది.

400 కుదరదని చెప్పాను. మొదట 150, అవి అందాక మిగతావి. సగం అడ్వాన్సు అడిగితే కుదరదన్నారు. ఆ మెయిల్ రాసినావిడ చాలా మంచిది, కానీ పాతలెక్క గారు చెప్పినట్టే డబ్బు సంగతి ఆవిడ చేతిలో లేదు, కొనుగోలు విభాగం వాళ్లతో మాట్లాడమంది. వాళ్లతో రెండు రోజులు నలిగాక 30 శాతం అడ్వాన్సు, మిగతాది బిల్లు ఆమోదించిన 45 రోజులకు అని తేలింది. 150 పుస్తకాల సామానుకు ఆ 30 శాతం దాదాపు సరిపోతుంది. లోగో వేశాక వాపసు లేదన్న వాక్యం కూడా ఒప్పుకున్నారు. ‘కుట్టులో లోపం ఉంటే తప్ప’ అని వాళ్లొక ముక్క కలిపారు, న్యాయమే అనిపించింది.

నిన్న శాంపిల్ పంపాను. ముదురు నీలం అట్ట, తెల్లదారం. పొద్దున్నే జవాబు వచ్చింది, దారం కూడా నీలమే కావాలట. ఇప్పుడే విప్పుతున్నా.

రిటర్న్స్_రాణి:
శాంపిల్‌కు డబ్బు తీసుకున్నారా?

అట్టముక్క:
...లేదు. అడగొచ్చా?

పాతలెక్క:
మొదటిదానికి అడగరు లెండి. వాళ్లు మూడో శాంపిల్ కావాలంటే మాత్రం డబ్బు అడగండి. పీఓ వచ్చిందా?

అట్టముక్క:
వచ్చింది. నంబర్ బిల్లు మీద పైనే పెద్దగా వేశా.

పాతలెక్క:
ఒక్కసారి అంకెలన్నీ వేలు పెట్టి సరిచూసుకోండి. అందులో సున్నా ఉంటే అది సున్నాయో, ఓ అక్షరమో కూడా వాళ్లనే అడగండి.